సంతకం లేని ప్రోగ్రాముకు చోటెక్కడ? తెలుగు టైపింగు ఉపకరణాలు, భద్రతా ఆంక్షలు

అక్షరాలబండి | 2025 డిసెంబరు 2

అందరికీ నమస్కారం. తెలుగు డీటీపీ పనివారి కోసం నేను రాసిన ఒక చిన్న విండోస్ ప్రోగ్రామును 2017 నుంచి ఉచితంగా పంచుతున్నాను. పాత ఖతుల్లో (ఫాంట్లలో) కొట్టిన పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షర సంకేతాల్లోకి, మార్చడం దాని మొదటి పని. యాపిల్, మాడ్యులర్ అనే పాత తెలుగు కీబోర్డు వరసలకు చేయి అలవాటైన ఆపరేటర్లు మరో వరస నేర్చుకోనవసరం లేకుండా, వర్డ్‌లోనైనా బ్రౌజరులోనైనా నేరుగా యూనికోడ్‌లో కొట్టుకునేలా చేయడం రెండో పని. దీనికి ఆదాయం లేదు, ప్రకటనలు లేవు. ఉద్యోగం ముగిశాక రాత్రిపూట కూర్చుని రాసుకున్నది.

గత నెల తెనాలిలో ఒక ప్రెస్సువారు 160 పేజీల సన్మాన సంచిక పనిలో ఉండగా, వారు డబ్బు పెట్టి కొనుక్కున్న యాంటీవైరస్ నా ప్రోగ్రామును ఉన్నట్టుండి తొలగించింది. ఆ యాంటీవైరస్ సంస్థకు ఫైలు పంపి, ఇది పొరపాటు గుర్తింపు అని వివరంగా రాస్తే, పదకొండు రోజుల తరువాత తమ జాబితా నుంచి తీసేశారు. ఆలోగా ప్రెస్సు యజమాని నాకు ఫోను చేశారు. "బాబూ, ఇందులో కీలాగర్, అంటే కొట్టే ప్రతి కీనీ దొంగచాటుగా రాసుకునేది, ఉందని చూపిస్తోంది. నేను బ్యాంకు పాస్‌వర్డు కూడా ఈ కంప్యూటరులోనే కొడతాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఎనిమిదేళ్లుగా నా ప్రోగ్రాము వాడుతున్న మనిషి ఆయన. ఆ మాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

అలా ఎందుకు జరిగిందో నాకు తెలుసు. 'క' కొట్టే చోట యూనికోడ్ అక్షరం పడాలంటే ప్రతి కీ నొక్కుడూ ముందుగా నా ప్రోగ్రాముకు చేరాలి. అందుకు నేను విండోస్‌లోని కీబోర్డు హుక్‌ను వాడుతున్నాను. పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామూ సరిగ్గా అదే హుక్‌ను వాడుతుంది. బయటి నుంచి గమనించే యంత్రానికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఒకటి అక్షరాన్ని మార్చి వదిలేస్తుందనీ, మరొకటి దాచుకుని ఎవరికో పంపుతుందనీ దానికి వెంటనే తెలియదు.

ప్రోగ్రాము ఎవరిదో చూపే డిజిటల్ సంతకం చేస్తే ఇలాంటి అనుమానాలు తగ్గుతాయని కొందరు సలహా ఇచ్చారు. నేను విచారించిన చోట అందుకు కావలసిన సర్టిఫికెట్‌కు ఏడాదికి ఇరవై వేల రూపాయలకు తక్కువ చెప్పలేదు. పైగా 2023 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం సంతకపు రహస్య తాళాన్ని మామూలు ఫైలుగా ఉంచుకోవడానికి వీల్లేదు. ధ్రువీకరణ పొందిన హార్డ్‌వేర్ టోకెన్‌లోనో, అలాంటి క్లౌడు సేవలోనో ఉండాలి. ఒక విక్రేత సంస్థ రిజిస్ట్రేషను పత్రం అడిగారు. నాకు సంస్థ అనేదే లేదు. ఉచితంగా ఇచ్చే వస్తువుకు ఏటా ఇంత పెట్టుకోవాలా, మరో దారి ఉందా అని అనుభవజ్ఞులను అడుగుతున్నాను.

తుంగభద్ర | 2025 డిసెంబరు 2

విండోస్ వైపు సంగతులు నాకు తెలిసినంతవరకు చెబుతాను. యాంటీవైరస్ వేరు, తెలియని ప్రోగ్రామును తెరవబోతే విండోస్ చూపించే హెచ్చరిక తెర, అంటే స్మార్ట్‌స్క్రీన్, వేరు. మీరు రెండింటినీ విడివిడిగా చూడాలి. స్మార్ట్‌స్క్రీన్ మొదట బ్రౌజరులో ఉండేది. 2012లో విండోస్ 8తో ఆపరేటింగ్ సిస్టంలోకి వచ్చింది. ఇంటర్నెట్ నుంచి దిగిన ప్రోగ్రామును తెరిచినప్పుడు అది చూసేది ప్రధానంగా పరపతిని. ఈ ఫైలును ఇంతకుముందు ఎంతమంది దింపుకున్నారు, దాని మీద ఉన్న సంతకానికి మంచి చరిత్ర ఉందా అన్నది లెక్క. సంతకం లేకపోతే పరపతి ఆ ఒక్క ఫైలుకే చెందుతుంది. మీరు ఒక చిన్న తప్పు దిద్ది కొత్త వెర్షను విడుదల చేస్తే దాని హ్యాష్, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి గుర్తు, మారిపోతుంది. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

దీని ఫలితాన్ని ఒకసారి ఆలోచించండి. వాడుకరి ఫిర్యాదు చేసిన వారంలోనే తప్పు దిద్ది కొత్త వెర్షను ఇచ్చే రచయితకు ప్రతిసారీ హెచ్చరిక తెర ఎదురవుతుంది. మూడేళ్లుగా ముట్టుకోకుండా వదిలేసిన ప్రోగ్రాము మాత్రం, దానిలో లోపాలు ఉన్నా సరే, నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది. భద్రత పేరుతో పెట్టిన ఏర్పాటు, భద్రతకు అత్యవసరమైన నవీకరణను శిక్షిస్తోంది. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

సంతకం ఉంటే పరపతి సర్టిఫికెట్‌కు కూడా పోగవుతుంది కనుక కొత్త వెర్షన్లకు కొంత మేలు. గతంలో ఈవీ అనే ఖరీదైన సర్టిఫికెట్ కొంటే మొదటి రోజు నుంచే హెచ్చరిక లేకుండా పోయేది. 2024లో మైక్రోసాఫ్ట్ ఆ ప్రత్యేకతను తీసేసింది. కాబట్టి ఈవీ కొనమని ఎవరైనా చెబితే వినకండి.

ఇక డబ్బు లేని దారులు రెండున్నాయి. మీ మూలకోడ్ బహిరంగంగా, స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటే సైన్‌పాత్ ఫౌండేషన్ వారు ఉచితంగా సంతకం చేసి ఇస్తారు. అయితే ప్రచురణకర్తగా మీ పేరు కాక వారి పేరు కనిపిస్తుంది. రెండోది మైక్రోసాఫ్ట్ స్టోరు. వ్యక్తిగత డెవలపర్లకు నమోదు రుసుమును 2025లో ఎత్తివేశారు. ఎంఎస్‌ఐఎక్స్ అనే విండోస్ ప్యాకేజీ రూపంలో పంపితే స్టోరే సంతకం చేస్తుంది. మీ కోడ్ బహిరంగమేనా?

అక్షరాలబండి | 2025 డిసెంబరు 2

ధన్యవాదాలు. మార్పిడి పట్టికలు బహిరంగంగానే ఉన్నాయి. కీబోర్డు భాగం మాత్రం ఇంతవరకు ఎక్కడా పెట్టలేదు. దాచాలన్న ఉద్దేశం లేదు. ఎనిమిదేళ్ల క్రితం నేర్చుకుంటూ రాసిన కోడ్ కావడంతో చూపించడానికి సంకోచించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సంకోచమే నా మీద అనుమానాన్ని పెంచినట్టుంది.

పెన్నాతీరం | 2025 డిసెంబరు 3

నేను మ్యాక్ కోసం రెండు చిన్న ప్రోగ్రాములు నిర్వహిస్తున్నాను. ఈ బాటలో మ్యాక్ విండోస్ కన్నా ముందే చాలా దూరం నడిచింది కనుక, ఆ చరిత్ర మీకు ఉపయోగపడవచ్చు.

2012లో మౌంటెన్ లయన్ అనే మ్యాక్ వెర్షనుతో, బయటి ప్రోగ్రాములను తనిఖీ చేసే గేట్‌కీపర్ వచ్చింది. అప్పట్లో ఎక్కడి నుంచి వచ్చిన ప్రోగ్రామునైనా నడపనిచ్చే ఐచ్ఛికం సెట్టింగుల్లో అందరికీ కనిపించేది. 2016లో సియెర్రా వెర్షను ఆ ఐచ్ఛికాన్ని కనిపించకుండా చేసింది. 2019లో కాటలీనాతో నోటరైజేషన్ తప్పనిసరి అయింది. అంటే, స్టోరు బయట పంచే ప్రోగ్రామునైనా ముందు యాపిల్ సర్వర్లకు పంపాలి. అక్కడి యంత్రం పరీక్షించి చీటీ ఇస్తుంది. ఆ చీటీ లేకపోయినా కంట్రోలు కీ పట్టుకుని క్లిక్ చేసి తెరిచే వీలు చాలా ఏళ్లు ఉండేది. 2024లో సెకోయా దాన్నీ తీసేసింది. ఇప్పుడు వాడుకరి సిస్టం సెట్టింగుల్లోకి వెళ్లి, గోప్యత, భద్రత విభాగంలో కింది దాకా జరిపి అనుమతి ఇవ్వాలి. ఒక్కో మెట్టూ విడిగా చూస్తే సమంజసంగానే అనిపిస్తుంది. పన్నెండేళ్ల మెట్లనూ వరుసగా చూస్తేనే ఎటు వెళ్తున్నామో తెలుస్తుంది.

నోటరైజేషన్‌ను నేను పూర్తిగా తప్పుపట్టను. అది స్టోరు సమీక్ష లాంటిది కాదు. ప్రోగ్రాము బాగుందా, అవసరమా అని ఎవరూ తీర్పు చెప్పరు. నా ఫైళ్లకు ఎక్కువసార్లు కొన్ని నిమిషాల్లోనే చీటీ వచ్చింది. అయితే ఆ చీటీ కోసం ఏటా 99 డాలర్లు కట్టి డెవలపర్ ప్రోగ్రాములో సభ్యులుగా ఉండాలి. పైగా చీటీ ఉన్నంత మాత్రాన అంతా శుభమని కాదు. 2020 ఆగస్టులో ష్లేయర్ అనే హానికర ప్రోగ్రాము నోటరైజేషన్‌ను దాటుకుని వచ్చినట్టు పరిశోధకులు బయటపెట్టారు.

సభ్యత్వం లేని రచయితకు కలిగే ఇబ్బంది ఒకటి బయటివారికి తెలియదు. మీ ప్రోగ్రాము లాంటిదే మ్యాక్‌లో ఉంటే దానికి యాక్సెసిబిలిటీ అనుమతి, అంటే ఇతర ప్రోగ్రాముల్లో జరిగేది చూసి నడిపించే అధికారం, కావాలి. ఆ అనుమతిని సిస్టం ప్రోగ్రాము సంతకంతో ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది. సభ్యత్వంతో వచ్చిన సంతకమైతే వెర్షను మారినా రచయిత అదేనని గుర్తుపడుతుంది. సభ్యత్వం లేకుండా పెట్టుకునే తాత్కాలిక సంతకమైతే ఆ ఫైలు తాలూకు హ్యాష్ ఒక్కటే గుర్తు. నవీకరించిన ప్రతిసారీ వాడుకరి సెట్టింగుల్లోకి వెళ్లి, పాత పేరును తీసేసి, కొత్తదాన్ని చేర్చి, మళ్లీ అనుమతి ఇవ్వాలి. జాబితాలో పేరు టిక్కుతో సహా అలాగే కనిపిస్తుంది, ప్రోగ్రాము మాత్రం పనిచేయదు. దీన్ని ఫోనులో వివరించడానికి నాకు ఒక్కొక్కరితో అరగంట పట్టేది. చివరికి ఆ అరగంటలకు విసిగి సభ్యత్వం కట్టాను.

మంజీరతీరం | 2025 డిసెంబరు 3

నేను ప్రోగ్రామరును కాను. సహకార సంఘంలో లెక్కలు చూస్తాను. ఇక్కడి పెద్దల మాటలు చదివాక, అవతలి వైపు సంగతి కూడా చెప్పాలనిపించింది.

మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. ఆయనకు బంధువు నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాలు చేసే ఫైలు) వచ్చింది. వాహనానికి చలానా పడిందనీ, తెరిచి చూడమనీ దాని కింద రాసి ఉంది. ఆ బంధువు ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉందని ఆయనకు తెలియదు. తెరిచారు. ఫోను ఆపింది, హెచ్చరించింది. తెలిసినవారు పంపిందే కదా అని సెట్టింగుల్లోకి వెళ్లి అనుమతి ఇచ్చారు. తరువాత అది ఎస్‌ఎమ్‌ఎస్‌లు చదివే అనుమతి అడిగితే అదీ ఇచ్చారు. రాత్రికి రాత్రి ఓటీపీలు దొంగలకు చేరిపోయాయి. ఉదయం సైబరు మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేసేసరికి ఆయన పింఛను ఖాతాలో మిగిలింది 412 రూపాయలు. ఆ అంకె నేనే ఆయన పాసుబుక్కులో చూశాను.

అందువల్ల వాడుకరికి హెచ్చరిక చూపించి, ఆపైన నిర్ణయం అతనిదే అని వదిలేస్తే చాలదని నా గట్టి నమ్మకం. హెచ్చరికను ఎలా దాటాలో మోసగాడే పక్కన కూర్చున్నట్టు నేర్పిస్తాడు. మీకు ఇరవై వేలు కష్టమే, కాదనను. కానీ కాపలా గట్టిగా ఉండాలని కోరుకునే మాలాంటివారు కంపెనీల తరఫున మాట్లాడుతున్నారని మాత్రం అనుకోవద్దు.

అక్షరాలబండి | 2025 డిసెంబరు 3

మంజీరతీరం గారూ, మీరు చెప్పిన సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కాపలా వద్దని నేను అనను. నా ప్రోగ్రామును అనుమానించడం కూడా తప్పని అనను. కీబోర్డును వినే ప్రోగ్రాము ఏదైనా సరే, దాన్ని అనుమానించాల్సిందే. నాకు నొప్పి కలిగించింది అనుమానం కాదు, ఆ అనుమానాన్ని తీర్చుకునే దారి నాలాంటివాడికి లేకపోవడం. నా కోడ్‌ను ఎవరైనా చదివి, ఇది నెట్‌వర్కును ముట్టుకోవడం లేదని నిర్ధారించి చెప్పే ఏర్పాటు ఉంటే ఆనందంగా లోబడతాను. కాపలా దగ్గర అడుగుతున్నది నువ్వు ఏం తెచ్చావని కాదు, నీ పేరేమిటి, రుసుము కట్టావా అని.

కాకతీయ_కలం | 2025 డిసెంబరు 4

నేను వరంగల్‌లో ఇంటి నుంచే ఆండ్రాయిడ్ పని చేస్తాను. డ్వాక్రా సంఘాల పొదుపు లెక్కలు రాసుకునే ఉచిత యాప్ ఒకటి నడుపుతున్నాను. మంజీరతీరం గారు చెప్పిన మోసం జరిగేది ఫోనులోనే కనుక, అక్కడ ఏ ఆంక్ష దేన్ని ఆపుతుందో విడదీసి చూడడం అవసరం.

2017లో ఆండ్రాయిడ్ 8 రాక ముందు తెలియని చోట్ల నుంచి ఇన్‌స్టాలు చేసుకోవడానికి ఒకే ఒక మీట ఉండేది. ఒకసారి వేస్తే ఫోను మొత్తానికీ తలుపు తెరిచినట్టే. ఆండ్రాయిడ్ 8 నుంచి అది ఒక్కో యాప్‌కు విడివిడి అనుమతిగా మారింది. బ్రౌజరుకు ఇచ్చిన అనుమతి వాట్సాప్‌కు వర్తించదు. 2022లో ఆండ్రాయిడ్ 13 మరో అడుగు వేసి, బయటి నుంచి దింపుకున్న యాప్‌కు యాక్సెసిబిలిటీనీ, నోటిఫికేషన్లు చదివే అధికారాన్నీ తేలికగా ఇవ్వనీయకుండా కట్టడి చేసింది. 2024లో గూగుల్, ఫోనులోని యాప్‌లను తనిఖీ చేసే తన ప్లే ప్రొటెక్ట్ ద్వారా భారతదేశంలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. బ్రౌజరు, మెసేజింగు యాప్, ఫైలు మేనేజరు లాంటి దారుల్లో వచ్చిన ఏపీకే ఎస్‌ఎమ్‌ఎస్, నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ అధికారాలు కోరేదైతే ఇన్‌స్టాలునే ఆపేస్తుంది. మీ ఉపాధ్యాయుడి గారి ఫోనులో సరిగ్గా ఆపవలసింది అదే. ఇవన్నీ యాప్ ఏం అడుగుతోందో చూసే ఆంక్షలు. నేను వీటిని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా యాప్ ఎస్‌ఎమ్‌ఎస్ అడగదు కనుక వీటివల్ల నాకు నష్టం కూడా లేదు.

2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించిన డెవలపర్ ధ్రువీకరణ వేరే రకం. 2026 సెప్టెంబరు నుంచి బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయిలాండ్ దేశాల్లో, ఆ తరువాత 2027 నుంచి మిగతా ప్రపంచంలో, గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఇన్‌స్టాలు కావాలంటే యాప్ ఎవరిదో గూగుల్ దగ్గర నమోదై ఉండాలి. ప్లే స్టోరుతో సంబంధమే లేని యాప్‌కు కూడా ఇది వర్తిస్తుంది. ఇది యాప్ ఏం చేస్తుందో చూసే ఆంక్ష కాదు, ఎవరు చేశారో అడిగే ఆంక్ష. బయటి దారుల్లో ప్లే స్టోరులో కన్నా 50 రెట్లకు పైగా హానికర యాప్‌లు దొరుకుతున్నాయన్నది గూగుల్ చెప్పిన కారణం.

ఎఫ్-డ్రాయిడ్ పరిస్థితి చూడండి. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌ల భండారం. చాలా యాప్‌లను మూలకోడ్ నుంచి తానే నిర్మించి, తన తాళంతోనే సంతకం చేస్తుంది. వాడుకరికి చేరిన యాప్ బహిరంగ కోడ్ నుంచే పుట్టిందన్న భరోసా అక్కడి నుంచే వస్తుంది. కొత్త నియమం ప్రకారం యాప్ గుర్తింపు పేరునూ సంతకపు తాళాన్నీ ఒకరి పేరిట నమోదు చేయాలి. వేరేవారు రాసిన యాప్‌లను తన పేరిట నమోదు చేసుకోలేమనీ, ప్రతి రచయితనూ నమోదు చేసుకోమని ఒత్తిడి చేయలేమనీ, ఇలాగైతే తమ భండారం నడవదనీ వారు సెప్టెంబరులో రాశారు. కోడ్‌ను నిజంగా చూసే చోటు మూతపడి, పేరు మాత్రమే అడిగే చోటు నిలవడం నాకు మింగుడుపడడం లేదు.

నిరసనల తరువాత నవంబరులో గూగుల్ కొంత సడలించింది. విద్యార్థులకూ అభిరుచితో రాసేవారికీ కొద్ది పరికరాలకే పరిమితమయ్యే ప్రత్యేక ఖాతా ఇస్తామనీ, ప్రమాదం తెలిసి ముందుకు వెళ్లే అనుభవజ్ఞులకు వేరే మార్గం పెడతామనీ చెప్పింది. ఒత్తిడిలో ఉన్న మనిషిని మోసగాడు ఆ దారిన నడిపించలేకుండా దాన్ని రూపొందిస్తామని కూడా అంది. అది నిజంగా కుదిరితే మంజీరతీరం గారి ఆందోళనకూ నా ఆందోళనకూ కలిపి సమాధానం దొరికినట్టే.

పేరు చెప్పడానికి అభ్యంతరమేమిటని అడుగుతారేమో. ప్లే స్టోరులో వ్యక్తిగత ఖాతా ఉన్నవారు యాప్ ద్వారా డబ్బు తీసుకుంటే పూర్తి చిరునామా అందరికీ కనిపిస్తుంది. ఒంటరిగా ఇంటి నుంచి పనిచేసే ఆడవారికి ఆ ఒక్క నియమం చాలు. నా యాప్‌ను ఉచితంగా ఉంచడానికి సేవాభావం ఒక్కటే కారణం కాదు. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు, యాప్‌ను ప్రచురించే ముందు కొందరు పరీక్షకులు వాడి చూడాలన్న నియమం కూడా ఉంది. మొదట 20 మంది, 2024 డిసెంబరు నుంచి 12 మంది, వరుసగా 14 రోజులు. మా సంఘం అక్కాచెల్లెళ్లు పదిహేను మంది పేర్లిచ్చారు కనుక నాకు ఇబ్బంది కాలేదు. వారు వెతికి పట్టిన తప్పులు చాలా ఉపయోగపడ్డాయి కూడా. ఆ నియమాన్ని నేను నిందించను.

తుంగభద్ర | 2025 డిసెంబరు 4

మన దేశంలో ఈ ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు, డెవలపర్లు స్టోరు బయట యాప్‌లు పంచుకోవడాన్ని ఏ రకంగానూ అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది, ఆ ఆదేశాన్ని మాత్రం మరో మూడింటితో పాటు కొట్టివేసింది. ఆనాడు దీన్ని పట్టించుకున్నవారు తక్కువ.

డల్లాస్_తెలుగు | 2025 డిసెంబరు 5

అక్షరాలబండి గారూ, మా నాన్నగారు మీ ప్రోగ్రాముతోనే తన వ్యాసాలన్నీ యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. ఆ కృతజ్ఞతతో ఒక మాట. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడు సంతకపు సేవ ఒకటి నెలకు 9.99 డాలర్లకు ఉంది. టోకెన్ అక్కర్లేదు. వ్యక్తులకైతే అమెరికా, కెనడాల్లో ఉన్నవారికే ఇస్తున్నారు కనుక భారతదేశంలో ఉన్న మీకు అందదు. నాకు ఖాతా ఉంది. మీరు ఫైలు పంపితే నా పేరుతో సంతకం చేసి ఇస్తాను. ఒకే పని చేసే ఇద్దరిలో డల్లాస్‌లో ఉన్నవాడికి నెలకు పది డాలర్లూ, తెనాలి పక్కన ఉన్నవాడికి ఏడాదికి ఇరవై వేలూ కావడం న్యాయం కాదు.

తుంగభద్ర | 2025 డిసెంబరు 5

మీ మంచితనానికి నమస్కారం, కానీ దయచేసి ఆ పని చేయకండి. సంతకం చేయడమంటే ఆ ఫైలుకు నాదీ బాధ్యత అని చెప్పడం. అక్షరాలబండి గారి కంప్యూటరులో ఆయనకు తెలియకుండా ఏదైనా దూరి ఫైలులో కలిస్తే మీ పేరు మీదుగానే అది వందల ప్రెస్సులకు వెళ్తుంది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము డ్రైవర్ల మీద ఉన్నవి రియల్‌టెక్, జేమైక్రాన్ సంస్థల అసలైన సంతకాలు. తాళాలు దొంగల చేతికి చిక్కాయి, సిస్టం నమ్మింది. టోకెన్‌లోనే తాళం ఉండాలన్న నిబంధన వెనుక ఉన్నది ఇలాంటి చేదు అనుభవాలే. ఆ నిబంధన ఖర్చును నేను ఎంత తప్పుపట్టినా కారణాన్ని కాదనలేను. కోడ్ అంతా బహిరంగమై, మీరే దాన్ని చదివి, మీ యంత్రంలో మీరే నిర్మించి సంతకం చేస్తే అది వేరు. అప్పుడు మీరు అరువు ఇచ్చినవారు కారు, తోటి నిర్వాహకులు అవుతారు.

డల్లాస్_తెలుగు | 2025 డిసెంబరు 5

నిజమే, అంత దూరం ఆలోచించలేదు. కోడ్ బయటికి వస్తే చదవడానికి నేను సిద్ధం.

పాతప్రెస్సు | 2025 డిసెంబరు 6

బాబూ, ఆ ఫోను చేసింది నేనే. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. నా మాట నిన్ను నొప్పించినట్టుంది, క్షమించు. సంచిక సమయానికి అచ్చయింది.

నేను 1998 నుంచి ఈ పనిలో ఉన్నాను. మా దగ్గర పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7 ఇంకా నడుస్తోంది. కొత్త విండోస్‌లో అది మొండికేస్తే, కంప్యూటరు బాగుచేసే అబ్బాయి వచ్చి దాన్ని అడ్మినిస్ట్రేటరుగా తెరుచుకునేలా అమర్చి వెళ్లాడు. అప్పటినుంచి పేజ్‌మేకర్ ముందుకు వస్తే నీ కీబోర్డు పనిచేయదు, వర్డ్‌లోకి వెళ్తే పనిచేస్తుంది. ఇదీ భద్రత వల్లేనా?

ఇంకొక సంగతి. కంప్యూటరు హెచ్చరిక చూపించినప్పుడు నేను నమ్మింది దాన్ని కాదు, నిన్నూ కాదు. నీకు ఫోను చేశాను. నువ్వు ఎత్తి, ఏమిటో విడమరిచి చెప్పావు. అందుకే మళ్లీ వేసుకున్నాను. ఫోను నంబరు లేని మనిషి చేసిన వస్తువైతే వేసుకునేవాడిని కాదు. పేరు అడగడంలో తప్పు లేదనే నా అభిప్రాయం. పేరుకు రుసుము అడగడమే బాగాలేదు.

అక్షరాలబండి | 2025 డిసెంబరు 7

మాష్టారూ, క్షమాపణ చెప్పాల్సింది మీరు కాదు. మీరడిగిన ప్రశ్నకు సమాధానం అవుననే. విస్టా వెర్షను నుంచి విండోస్‌లో ఒక నియమం ఉంది. మామూలు అధికారంతో నడిచే ప్రోగ్రాము, అడ్మినిస్ట్రేటరు అధికారంతో నడిచే కిటికీలోకి అక్షరాలు పంపలేదు. లేకపోతే ఏ చిన్న దొంగ ప్రోగ్రామైనా పెద్ద అధికారమున్న కిటికీలో ఆజ్ఞలు టైపు చేసేయగలదు. నా ప్రోగ్రామును కూడా అడ్మినిస్ట్రేటరుగా తెరిస్తే పేజ్‌మేకర్‌లో పనిచేస్తుంది. అయితే అలా చేయమని మీకు చెప్పలేను. మీ పాస్‌వర్డుల గురించి మీరు పడ్డ భయం నిన్నటి కన్నా అప్పుడు మరింత న్యాయమవుతుంది. పేజ్‌మేకర్‌ను తన పాత ఫోల్డరులో కాక మీ సొంత ఫోల్డరులోకి మార్చి, మామూలు అధికారంతో నడుస్తుందేమో చూద్దాం. ఆదివారం వచ్చి నేనే ప్రయత్నిస్తాను.

వారం రోజుల చర్చ తరువాత నేను తీసుకున్న నిర్ణయం ఇది. ప్రోగ్రామును రెండుగా విడగొడుతున్నాను. పాత ఖతుల మార్పిడికి కీబోర్డును వినవలసిన అవసరమే లేదు. రెండు పనులనూ ఒకే ఫైలులో పెట్టడం వల్ల, మార్పిడి మాత్రమే కావలసిన వ్యక్తి కూడా హుక్‌ను తన కంప్యూటరులోకి తెచ్చుకోవలసి వచ్చింది. ఆ తప్పు నాది, ఏ ఆపరేటింగ్ సిస్టందీ కాదు. మార్పిడిని ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీగా తిరగరాశాను. నెట్ లేకుండా బ్రౌజరులో తెరుచుకుంటుంది, పాఠం కంప్యూటరు దాటి పోదు, సంతకమూ అక్కర్లేదు.

కీబోర్డు భాగంలో మాడ్యులర్ వరసను హుక్ లేకుండా విండోస్ లేఅవుట్‌గా చేయవచ్చేమో ప్రయత్నించాను. మైక్రోసాఫ్ట్ వారి ఉచిత లేఅవుట్ తయారీ పరికరంలో ఒక కీకి నాలుగు యూనికోడ్ సంకేతాల దాకా ఇవ్వవచ్చు. వత్తుకు పొల్లు, హల్లు కలిపి రెండు సరిపోతాయి, 'క్ష'కు మూడు. 'శ్రీ'కి సరిగ్గా నాలుగు పడతాయి కనుక దాని కీ యథాతథంగా నిలిచింది. 'స్త్రీ'కి ఆరు కావాలి. దానికి విడిగా పెట్టిన కీని తీసేయాల్సి వచ్చింది. ఇన్‌స్టాలు చేసేటప్పుడు ప్రచురణకర్త తెలియదన్న హెచ్చరిక ఒకసారి వస్తుంది, ఆ తరువాత నేపథ్యంలో నా ప్రోగ్రాము ఏదీ నడవదు. అంటే అనుమానించడానికి మిగిలేదేమీ ఉండదు.

క్రావడిని ('క్ర'లోని ర వత్తును) ముందు కొట్టి తరువాత హల్లు కొట్టే అలవాటున్న వారికి మాత్రం ఈ పద్ధతి చాలదు. లేఅవుట్ అక్షరాల వరస మార్చలేదు, అది చేయాలంటే నడిచే ప్రోగ్రామే కావాలి. వారి కోసం హుక్ ఉన్న వెర్షను కొనసాగుతుంది. దాని కోడ్ మొత్తాన్ని నిన్న రాత్రి బహిరంగపరిచి, సైన్‌పాత్‌కు దరఖాస్తు పంపాను. డల్లాస్_తెలుగు గారూ, కీ నొక్కుడును అందుకునే భాగం ఒకే ఫైలులో 340 పంక్తులు ఉంది. ముందుగా అది చదవండి. మంజీరతీరం గారూ, మీరు ప్రోగ్రామరు కాకపోయినా ఒక సాయం చేయగలరు. ఇన్‌స్టాలు చేసే ముందు చూపించే తెలుగు వివరణను ఇక్కడ పెడుతున్నాను. మీ వీధిలోని మాష్టారికి అర్థమయ్యేలా ఉందో లేదో చెప్పండి.

"ఈ ప్రోగ్రాము మీరు నొక్కే ప్రతి కీని చూస్తుంది. అక్షరం మార్చడానికి అది తప్పదు. దేన్నీ దాచుకోదు, ఎక్కడికీ పంపదు. ఈ మాట నమ్మకంగా అనిపించకపోతే ఇన్‌స్టాలు చేయకండి. హుక్ లేని లేఅవుట్ ఇదే పేజీలో ఉంది. పాస్‌వర్డు కొట్టే ముందు ఎఫ్12 నొక్కితే ప్రోగ్రాము పూర్తిగా ఆగిపోతుంది."

మంజీరతీరం | 2025 డిసెంబరు 7

సాయంత్రం ఆయనకు చదివి వినిపించాను. 'హుక్' అన్న మాట దగ్గర ఆగి అదేమిటని అడిగారు. ఆ మాట తీసేసి 'కీలను చూడని లేఅవుట్' అని రాయండి. ఎఫ్12 సంగతి చివర కాకుండా మొదటి వాక్యం పక్కనే ఉండాలని కూడా అన్నారు.

అక్షరాలబండి | 2025 డిసెంబరు 7

రెండూ మార్చాను. మాష్టారికి నా నమస్కారాలు తెలియజేయండి.